సున్నా వెయ్యని లెక్క

కూర్మన్నపాలెం,
మంగళవారం.

అమ్మకి,

నీ కూతురు రాజ్యం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అల్లుడుగారూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, నాన్నగారు, తమ్ముడు, మరదలు, ఈనబోయే ఆవుతో సహా అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? "వేసుకుంటున్నానే" అని ఉత్తరంలో రాయడం కాదు, నిజంగా వేసుకో.

ఈసారి ఇన్‌లాండ్ లెటరు చాలదని కవరు కొన్నాను. దీన్ని మరదలి చేత చదివించుకోకు. కళ్లజోడు పెట్టుకుని, వంటింటి వెనక అరుగు మీద ఒక్కదానివే కూర్చుని చదువుకో. భయపడకు, కడుపులో బిడ్డ బాగానే ఉంది, బాగానే తంతోంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మిగతా ఉత్తరం నీ బుర్రకెక్కదు, నాకు తెలుసు.

నీ ఉత్తరం అందింది. సీమంతానికి ముహూర్తం పెట్టించానని, ఆకుపచ్చ గాజులు కొన్నానని, తొలిచూలు కాబట్టి లోటు లేకుండా చెయ్యాలని రాశావు. ఆ తొలిచూలు అన్న మాట దగ్గరే ఆగిపోయానమ్మా. జవాబు రాయడం, చింపెయ్యడం, ఇదే పనైంది నాకు ఈ వారమంతా. మరి బుల్లి ఏమైంది? మూడేళ్ల కిందట వానాకాలంలో, నీ దగ్గరే, మన పెరటిగదిలో పుట్టిన నా బుల్లి. బక్కగా పుట్టి, అయిదు నెలలుండి, అన్నప్రాసనైనా కాకుండా వెళ్లిపోయిన నా బుల్లి.

అది పోయిన తర్వాతే కదా మేం ఇక్కడికి వచ్చేసింది. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికిందని అందరితోనూ చెప్పాం. పని దొరికిన మాట నిజమే. కానీ ఆ పెరటిగది తలుపు చూడలేక వచ్చామని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకి తెలుసు. తెలిసిన వాళ్లం ముగ్గురం దాని గురించి మాట్లాడుకోం.

సరే, ఇక్కడి కబుర్లు కొన్ని చెప్తాను, తర్వాత మళ్లీ ఆ మాటకొస్తాను. మన వైపు శివరాత్రికి గానీ చలి శివశివా అంటూ పోదు కదా, ఇక్కడ అసలు వచ్చిందో లేదో కూడా తెలియలేదు. గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఉప్పుగానే ఉంటుంది. ఆరేసిన బట్టలు సాయంత్రం తీసేసరికి నల్లటి దుమ్ము పడుతుంది. తెల్ల జాకెట్లు కుట్టించి పంపకు, నీకు పుణ్యముంటుంది. నీళ్లు ట్యాంకరు వస్తేనే. ఆయన షిఫ్టుల మనిషి అయిపోయారు. ఒక వారం పొద్దున్న వెళ్తారు, ఒక వారం మధ్యాహ్నం. ఆయన నిద్రపోయేటప్పుడు నేను గిన్నె చప్పుడు కాకుండా వంట చెయ్యడం నేర్చుకున్నాను. మన గోదావరి వాళ్లు ఈ వీధిలో మరో రెండిళ్లున్నారు. పక్కింటి సిమ్మాచలం పిన్ని మాత్రం ఇటువైపు మనిషి. రోజూ చోడంబలి, అదే మన రాగిజావ, తెచ్చి నా ముందు పెట్టి, తాగేదాకా కదలదు. "ఏటమ్మా అలా సూత్తన్నావ్? తాగు. బిడ్డకి ఎముక గట్టిపడద్ది" అంటుంది. మొదట్లో మింగలేకపోయేదాన్ని. ఇప్పుడు ఆవిడ రాకపోతే గుమ్మం వైపు చూస్తున్నాను. చేపలకి ఇక్కడ లోటు లేదు గానీ నాకు ఇప్పుడు ఆ వాసన పడటం లేదు. మాగాయ తినాలనిపిస్తోంది. నువ్వు వచ్చేటప్పుడు తే. కొత్తది కాదు, అడుగున ఉన్న పాతది.

నా పని సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు. పిల్లల్ని తూచి, కొలిచి రాసుకొచ్చే సర్వే అని చెప్పాను. "ఒకళ్ల పిల్లల్ని తూస్తారటే, దిష్టి కాదూ!" అన్నావు. అచ్చం అదే మాట ఇక్కడి తల్లులూ అన్నారు. ఉక్కునగరం క్వార్టర్లలో కొన్ని ఇళ్లు, ప్లాంటు గోడ అవతల ఊళ్లలో కొన్ని ఇళ్లు, ఆనందపురం వైపు రైతుల ఊళ్లలో కొన్ని. ఉన్నవాళ్ల పిల్లల ఎదుగుదలకీ లేనివాళ్ల పిల్లల ఎదుగుదలకీ ఎంత తేడా ఉందో తేల్చడం మా పని. రెండేళ్లు నిండిన పిల్లల్ని నిలబెట్టి కొలుస్తాం. రెండేళ్లు నిండని వాళ్లని చెక్కబల్ల మీద పడుకోబెట్టి, తల ఒక చివర ఆనించి, పాదాల దగ్గరికి అడ్డచెక్క జరిపి కొలుస్తాం.

కార్తీకమాసంలో గోడ అవతల ఒక ఊరెళ్లాం. నూకరత్నం అని ఒకావిడ, ఏడాదిన్నర పిల్లని చంకన వేసుకుని గుమ్మంలో నిలబడింది. పిల్ల పేరు గౌరి. బల్ల చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది. "పడుకోబెట్టి కొలవొద్దమ్మా. పడుకోబెట్టి కొలిసీది పోనోల్లనే గదా" అంది. నేను బల్ల వెనక్కి తీయబోయాను. ఆవిడే కాసేపు ఆలోచించి, లోపలికెళ్లి తన పాత చీర తెచ్చి బల్ల మీద పరిచింది. "ఇప్పుడిది సెక్క కాదు, నా వొడి. కొలుసుకో" అంది. అప్పటినుంచి మేం ఏ ఊరెళ్లినా ముందు తల్లి చీర అడిగి పరుస్తున్నాం. ఒక్కరూ కాదనలేదు.

గౌరి చాలా పొట్టిగా ఉందమ్మా. పట్టు మాత్రం గట్టిది, నా చేతిలో టేపు లాక్కుని వదల్లేదు. అంకెలు రాసుకుంటుంటే నూకరత్నం నా పొట్ట చూసి "నీకెందరమ్మా పిల్లలు?" అని అడిగింది. అప్పటికి కొంచెం తెలుస్తోంది. నువ్వు చెప్పమన్నట్టే, "ఇదే మొదలు" అన్నాను. "నీకు?" అని అడిగాను. "నాకు నలుగురు" అంది. ఇంట్లో గౌరీ, వాళ్లన్నా, ఇద్దరే కనబడుతున్నారు. నేను చుట్టూ చూడటం గమనించి, "ఇద్దరున్నారు. ఇద్దరు ఎల్లిపోనారు. ఎల్లిపోతే మాత్రం నా కడుపున పుట్టనోల్లా ఏటి? నలుగురే" అంది, మామూలుగా, బియ్యంలో రాళ్లేరుకుంటూ. వాళ్లలో అందరూ అలాగే చెప్తారని తర్వాత తెలిసింది. ఎంతమంది అంటే పుట్టిన వాళ్లందర్నీ చెప్తారు. తర్వాత ఉన్నవాళ్లెవరో, పోయినవాళ్లెవరో విడదీస్తారు.

ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఇంటిదాకా ఏడ్చాను.

పొట్ట పెరిగాక నన్ను ఊళ్లు తిప్పడం మానేసి, గాజువాక ఆఫీసులో కూర్చోబెట్టారు. రెండు గదుల మేడ, ఒక కంప్యూటరు, సగం రోజు కరెంటు. తెచ్చిన అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించేది నేనూ, రమణ. రమణది ఆనందపురం దగ్గర పల్లె. మంచివాడు, గడబిడ మనిషి. మా పెద్ద సరళ మేడం. నిదానంగా మాట్లాడుతుంది, మాకు తెలియనిది ఏదైనా ఉంటే విసుక్కోకుండా చెప్తుంది.

ఇప్పుడు కాస్త ఓపికగా విను, ఇది లెక్కల మాట. ఆ వయసు పిల్లలు మామూలుగా ఎంత పొడుగుంటారో దాన్ని సున్నా అనుకుంటారు. అంతకన్నా పొడుగుంటే ప్లస్, పొట్టిగా ఉంటే మైనస్. క్వార్టర్ల పిల్లలు చాలామంది సున్నా చుట్టూనో, ప్లస్సులోనో ఉన్నారు. గోడ అవతల పిల్లలకి దాదాపు అందరికీ మైనస్. గౌరికి అందరికన్నా పెద్ద మైనస్. ఇక ఉన్నవాళ్ల నుంచి లేనివాళ్ల దాకా పిల్లల్ని వరసలో పెట్టి, ఆరోగ్యం ఎటువైపు ఎంత ఒరిగిందో ఒక్క అంకెలో చెప్పే లెక్క ఒకటుంది. ఆ అంకె ఒకటి దాటకూడదట. మాకు ఒకటి దాటి ఎక్కడికో పోయింది. రమణ కంప్యూటరు చెడిందన్నాడు. మేడం చూసి, కంప్యూటరు బాగానే ఉంది, మైనస్సులతోనే వచ్చింది తంటా అంది. ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి తినేసి సగటు సున్నా దగ్గరికి వచ్చేసిందట. అంత చిన్నదానితో భాగిస్తే జవాబు ఉబ్బిపోక ఏమవుతుంది! ఆ లెక్క మైనస్సులకి పనికొచ్చేది కాదట.

రమణ వెంటనే, "మైనస్సులన్నీ సున్నా సేసీద్దాం మేడం. గొడవ వొదిలిపోద్ది" అన్నాడు. చేసి చూపించాడు కూడా. జవాబు కుదురుగా ఒకటి లోపలికొచ్చి కూర్చుంది. నాకూ బాగానే ఉందనిపించింది. మేడం మాత్రం తెర మీద వరస చూస్తూ ఉండిపోయింది. తర్వాత గౌరి పేరు దగ్గర వేలు పెట్టి, "సున్నా అంటే మామూలు పొడుగని కదా. ఈ పిల్లకి ఏ లోటూ లేదని మనం రాస్తున్నాం" అంది.

"పోనీ మైనస్సులోల్లని తీసీద్దామా మేడం?" అన్నాడు.

"తీసేస్తే ఆ ఊళ్లో పిల్లలే లేనట్టు."

"అందరికీ కొంత కలిపీసి పైకి లేపీద్దామా?"

"ఎంత కలిపితే అంత మారిపోతుంది జవాబు. మనకి నచ్చింది వచ్చేదాకా కలుపుకుంటూ పోవచ్చు. అది కొలవడం కాదు."

అమ్మా, వాళ్లు లెక్క గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం నీ గొంతు వినబడుతోంది. బుల్లి పోయిన పదకొండో రోజున, నా తల నీ ఒళ్లో పెట్టుకుని, "పుట్టలేదనుకో తల్లీ. అసలు లేదనుకో" అన్నావు. నా మీద ప్రేమతోనే అన్నావు. పుట్టని బిడ్డ సున్నా అమ్మా. పుట్టి, నా పాలు తాగి, నీ చేత నలుగు పెట్టించుకుని, మీ అల్లుడి వేలు పట్టుకుని ఆడి, ఆ తర్వాత పోయిన బిడ్డ సున్నా కాదు. అది లేకపోవడం నాకు ఎంత తక్కువో ఆ తక్కువ అలాగే ఉంది, రోజూ ఉంది. దాన్ని సున్నా అని చెప్పీ చెప్పీ నేను అలిసిపోయాను. లేచి మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను. రమణ పాపం కంగారుపడి వెనకే వచ్చాడు. "ఏటండీ, నానేటైనా తప్పన్నానా?" అన్నాడు. "లేదు, నడుం నొప్పి" అన్నాను. మంచినీళ్లు తెచ్చిచ్చి, నేను తాగేదాకా నిలబడ్డాడు.

చివరికి మేడం ఏం చేసిందో చెప్పాలి కదా. పిల్లలు ఎంత పొడుగున్నారని కొలవడం మానేద్దాం, ఎంత లోటుందని కొలుద్దాం అంది. లోటు లేనివాళ్లకి సున్నా. లోటున్నవాళ్లకి ఎంత ఉంటే అంత. అప్పుడు మైనస్సూ రాదు, ఎవర్నీ చెరిపెయ్యక్కర్లేదు. కాకపోతే ఇది ఆరోగ్యం లెక్క కాదు, లోటు లెక్క అని రిపోర్టు మొదట్లోనే ఒప్పుకుని రాయాలి. అలాగే రాసింది. గౌరి లోటు గౌరికి ఉంది. లెక్క పూర్తయినంత మాత్రాన ఆ పిల్ల పొడుగెదగదు, ఆ బాధ ఉండనే ఉంది.

ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను. పొద్దున్న షిఫ్టు దిగి, చొక్కా విప్పి మంచం మీద కూర్చుని ఉన్నారు. ఎండింకా గుమ్మంలో ఉంది. అంతా విన్నారు. తర్వాత, "ఇక్కడ పనివాళ్లు నన్ను పిల్లలెంతమంది అని అడుగుతారు. ఒక కూతురు అని చెప్తాను. ఎంత వయసంటే బతికుంటే ఎంతో అంత చెప్తాను. నీకు తెలిస్తే బాధపడతావని చెప్పలేదు" అన్నారు. మూడేళ్లుగా ఆ మనిషి ఒక్కడే ప్లాంటులో దానికి వయసు పెంచుకుంటూ ఉన్నాడమ్మా. ఇద్దరం కలిసి ఏడ్చాం. ఇన్నాళ్లూ ఎవరి ఏడుపు వాళ్లం ఏడ్చాం, అంతే.

ఇక నీకు కోపం వచ్చే మాట. దసరాకి నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు నన్ను ఆస్పత్రికి నువ్వే తీసుకెళ్లావు. నర్సు "ఎన్నో కాన్పు?" అనగానే నా చెయ్యి నొక్కి, "తొలిచూలే" అన్నావు. నేను మాట్లాడలేదు. మొన్న శుక్రవారం ఆయన కూడా వచ్చారు. నర్సు మామూలుగా అన్నీ అడిగి పంపబోతుంటే, "అమ్మా, నాకిది రెండో కాన్పు. మొదట ఆడపిల్ల. బరువు తక్కువగా పుట్టింది. అయిదు నెలలుండి పోయింది" అన్నాను. ఒక్క ముక్క తడబడలేదు. ఆ నర్సమ్మ పెన్ను కింద పెట్టి, "ఇది ముందే సెప్పాల గదమ్మా" అంది. తిట్టలేదు, అంతే అంది. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ లోపలికి పంపింది.

డాక్టరమ్మ అన్నీ అడిగింది. నెలలు నిండాయా, పుట్టగానే ఏడ్చిందా, నాకప్పుడు కాళ్లు వాచాయా అని. వాచాయి కదమ్మా, నీకు గుర్తుందా? చెప్పులు పట్టేవి కావు, నువ్వు నాన్నగారి చెప్పులిచ్చావు. అది విన్నాక ఆవిడ నా బీపీ రెండు చేతులకీ మళ్లీ చూసింది. కొంచెం ఎక్కువే ఉంది. ఈ బిడ్డ కూడా నెలకి తగ్గట్టు పెరగడం లేదేమోనని అనుమానంగా ఉందట. అనుమానమే, ఇంకా ఏం తేలలేదు. ఇకనుంచి ప్రతివారం రమ్మంది. మాత్రలు రాసింది. పనికి వెళ్లొద్దంది, ప్రయాణాలు అసలు వద్దంది. పురుడు ఇక్కడ పెద్దాస్పత్రిలోనే పోసుకోవాలంది. తొలిచూలు అనే అనుకుని ఉంటే నన్ను వచ్చే నెల మన ఊరు పంపేసేది.

చూశావా, మొదట్లో బిడ్డ బాగానే ఉందని రాశాను. తంతోంది, అది నిజం. భయంగా ఉంది, అదీ నిజం.

నిన్ను తప్పు పట్టడానికి కాదమ్మా ఇదంతా. తొలిచూలు అని నువ్వు ఎందుకన్నావో నాకు తెలుసు. నువ్వు నాన్నగారితో పెరట్లో అన్న మాట అప్పట్లో నేను విన్నాను. "పురిటికని పంపితే బిడ్డని నిలబెట్టలేకపోయానండీ" అని ఏడ్చావు. అది నీ ఒళ్లోనే పోయింది. నువ్వు నలుగు పెట్టి, సాంబ్రాణి వేసి, నిద్రపుచ్చుతూ ఉండగానే పోయింది. నా చేత లేదనిపిస్తే నీకు కాస్త ఊపిరాడేది. నీకు ఊపిరాడాలని నేనూ సరే అన్నాను. నీ తప్పు ఏమీ లేదమ్మా. డాక్టరమ్మని అడిగే రాస్తున్నాను, నీ తప్పు లేదు. అది కడుపులోనే చిక్కిపోయింది, నీ చేతుల్లోకి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఈ వాక్యం మళ్లీ మళ్లీ చదువుకో.

కాబట్టి సీమంతం వద్దు. బుల్లి కడుపులో ఉన్నప్పుడు చేశావు. ఊరంతా వచ్చింది, నాన్నగారు పందిరి వేయించారు, నువ్వు చలిమిడి కలిపి పంచావు. అది దాని వేడుక. దానికి జరిగినవే రెండు, సీమంతం, బారసాల. మళ్లీ తొలిచూలని చేస్తే దానిది లాక్కుని దీనికిచ్చినట్టుంటుంది. గాజులు మరదలికి తొడుగు, దాని చేతులకి బాగుంటాయి.

నువ్వు మాత్రం రా. వీలైనంత తొందరగా రా. నాన్నగారికి వంట సంగతి మరదలు చూసుకుంటుంది. దువ్వాడలో దిగు, వైజాగ్ దాకా వెళ్లకు, ఆయన స్టేషనుకి వస్తారు. మాగాయ మర్చిపోకు. ఇంకొకటి, నీ పెట్టెలో అడుగున బుల్లి వెండి మొలతాడు ఉంది. దాచావని నాకు తెలుసు. పోయిన బిడ్డ వస్తువు పుట్టబోయే బిడ్డకి పెట్టకూడదంటావు. పెట్టను. నా దగ్గర ఉంచుకుంటాను.

నాన్నగారికి, పెదనాన్నగారికి, దొడ్డమ్మకి మా నమస్కారాలు చెప్పు. తమ్ముడికి, మరదలికి ఆశీస్సులు. నీ దీవెన ఈసారి నాకు బాగా కావాలి, రాగానే నా నెత్తిన చెయ్యి పెట్టు.

రైల్లో నువ్వు ఊరుకోవు, పక్కవాళ్లతో మాటలు కలుపుతావు. ఎక్కడికమ్మా అని అడుగుతారు. మా అమ్మాయికి పురుడు అంటావు. తొలి కాన్పా అని తప్పకుండా అడుగుతారు. కాదండీ, రెండోది, అని చెప్పమ్మా. ఏడుపొస్తే రానీ. ఆ మాట ఒక్కసారి నీ నోటితో బయటి వాళ్ల ముందు చెప్పి, అప్పుడు దిగు దువ్వాడలో.

ఇట్లు,
నీ కూతురు,
బుల్లి వాళ్లమ్మ,
రాజ్యం.